తూకం బిడ్డది, లెక్క తల్లిది
(అనంతపురం జిల్లా పల్లెల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



కాన్పు కాగానే బిడ్డను తూకం వేస్తారు. రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువు అని రాస్తారు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత. ఆ వెంటనే వచ్చే మాట మన వాడల్లో అందరికీ తెలుసు: "మీ జాతే బక్క జాతి. తల్లీ పుల్లే, తండ్రీ పుల్లే, బిడ్డ ఇంకెట్ల పుడతాది?" బడిపంతుళ్ళం కాబట్టి ఈ మాటను మేము ఊరికే వదిలిపెట్టం.

ఇంగ్లండులో వాల్టన్, హామండ్ అనే శాస్త్రవేత్తలు భారీ షైర్ గుర్రాలనూ పొట్టి షెట్లాండ్ గుర్రాలనూ దాటించి చూసి, 1938లో ఫలితం చెప్పినారు. రెండు రకాల సంకరంలోనూ రక్తం సగం సగమే. అయినా పెద్ద తల్లి కడుపున పుట్టిన పిల్ల చాలా పెద్దది, పొట్టి తల్లికి పుట్టింది చిన్నది. తండ్రి వాటా లేదని కాదు, కడుపులో పెంచేది తల్లి ఒళ్ళు. గుర్రాలతో పోల్చినామని కోపం వద్దు. మనల్ని అంతకన్నా హీనంగా చూసినోళ్ళు ఉండనే ఉండారు.

మరి మన తల్లుల ఒళ్ళు ఎట్లుంది? 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి 2015లో ఒక పరిశోధన లెక్క తేల్చింది. మన దేశంలో గర్భం మొదలయ్యేనాటికే నూటికి 42 మంది ఆడవాళ్ళు ఉండాల్సిన బరువు లేరు. సహారా కింది ఆఫ్రికాలో అది 17 కూడా లేదు. పేదరికం ఒక్కటే కారణమైతే లెక్క ఇట్ల రాదు. కొత్త కోడలు అందరూ తిన్నాక అడుగుబొడుగు తినడం మన ఇండ్లలోనూ ఉంది. దీనికి పెత్తందారును తిట్టి లాభం లేదు.

హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987-90 మధ్య ఇంకో పని జరిగింది. 15 ఊళ్ళలో గర్భిణులకు, చిన్నపిల్లలకు పోషకాహారం పెట్టినారు, 14 ఊళ్ళలో పెట్టలేదు. పుట్టిన బిడ్డల బరువులో తేడా కొంచెమే. అయితే ఆ పిల్లలు పదమూడేండ్లు దాటినాక చూస్తే, తిండి అందిన ఊళ్ళవాళ్ళు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ! బక్కతనం జాతిలో ఉంటే తిండికి ఎత్తు ఎట్ల పెరిగింది? ఇరవై ఏండ్ల కొరతను తొమ్మిది నెలల తిండి తీర్చలేదు, అంతే.

మన జిల్లాలో ఆ కొరత ఎట్ల వచ్చిందో పెద్దోళ్ళను అడగండి. కొర్ర, సజ్జ, జొన్న పండిన చేన్లలో చెనిక్కాయ ఎక్కింది. వాన లేని ఏడు చెనిక్కాయా లేదు, సంగటీ లేదు. అమ్మానాన్నలు బెంగళూరు పోతే, తమ్ముళ్ళకు వండిపెట్టేది పన్నెండేండ్ల పిల్ల. రేపు తల్లి అయ్యేది ఆ పిల్లే.

అందుకే గర్భిణికి గుడ్డు అడిగి ఊరుకుంటే చాలదు. అంగన్‌వాడీ మన వాడలో ఉండాలి, హాస్టలు పిల్లలకు కడుపునిండా పెట్టాలి, ఆడకూలికి మగకూలితో సమానంగా ఇయ్యాలి. వచ్చే సమావేశానికి పదేండ్లు దాటిన ఆడపిల్లల బరువులు వాడవారీగా రాసుకొని రండి. బడిలో తూకం మిషను లేకుంటే రేషన్ షాపులో ఉండనే ఉంది.