ఇంట కట్టిన విమానము: బరువు, సమతూకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవమున ఏదైన శాస్త్రవిషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పల్లెలో విమానముల ముచ్చట యేల యని మీలో కొందరు తలంపవచ్చును. కాని నేను చెప్పబోవు సంగతి బండి తోలిన ప్రతివారికిని కొంత తెలిసినదే.

నా చిన్నతనమున ఒకనాడు వడ్లబస్తాలను బండికెత్తు పని నాకు అప్పగింపబడెను. దింపుటకు సులభముగా నుండునని బస్తాలన్నియు వెనుకభాగముననే పేర్చితిని. బండి కదలగనే కాడి పైకి లేచి, ఎడ్ల మెడ క్రింది త్రాళ్లు గొంతులకు బిగిసెను. మా తండ్రిగారు పరుగున వచ్చి నొగపై వ్రేలాడకున్నచో ఆ ఎడ్లు మాకు దక్కియుండెడివి కావు. బస్తాలు ప్రతియేటి వలెనే యుండెను. ఒక్కటియు ఎక్కువ లేదు. వానిని పేర్చిన చోటు మాత్రము తప్పు. విమానమునకును ఇదియే సూత్రము. అయితే ఆకాశమున నొగ పట్టుకొని వ్రేలాడువారు ఎవ్వరును ఉండరు.

ఒక వస్తువును ఏ చోట ఆనించి యెత్తినచో ఇటు నటు ఒరగక నిలుచునో, దాని గురుత్వకేంద్రము అచట నున్నదందుము. విమానమున ఈ కేంద్రము రెక్కలను బట్టి నిర్ణయింపబడిన కొద్దిపాటి హద్దులలోనే యుండవలెను. ముందునకు మిక్కిలి జరిగినచో ముక్కు బరువెక్కి, దిగునపుడు పైకి లేవదు. వెనుకకు జరిగినచో మరింత ప్రమాదము: ముక్కు పైకి లేచి, వేగము తగ్గి, రెక్కలు పట్టు తప్పును, నడుపువాడు ఎంత నేర్పరియైనను ముక్కును దించజాలక పోవచ్చును.

జర్మనీ దేశీయుడగు ఒట్టో లిలియెంతాల్ యంత్రము లేని రెక్కలకు వ్రేలాడుచు కొండదిగువకు ఎగురుచుండెడివాడు. ఏతముమ్రానుపై నడచువాడు ముందు వెనుకలకు అడుగులిడి బానను దించి యెత్తునట్లు, ఆయన తన దేహమునే అటు నిటు జరిపి తూకము నిలుపుకొనుచుండెను. 1896 ఆగస్టు 9వ తేదీన ఆ రెక్కలు పట్టు తప్పి ఆయన నేలగూలి, మరునాడు మరణించెను.

ఆ వార్త అమెరికాలోని డేటన్ నగరమున సైకిళ్ల దుకాణము నడుపుచున్న రైటు సోదరులను ఆలోచింపజేసెను. 1903లో వారు కట్టిన విమానము ఖాళీ బరువు 605 పౌనులు. ఇంజను మధ్యరేఖకు కుడిప్రక్కను, నడుపువాడు పరుండు చోటు ఎడమప్రక్కను అమరినవి. ఇంజను మనిషికంటె బరువు. అందుచేత కుడిరెక్కను 4 అంగుళములు పొడవుగా చేసిరి. అంతటి జాగరూకులకును ముందు వెనుకల తూకము వెంటనే కుదురలేదు. 1904లో ముక్కు పైకి క్రిందికి ఊగులాడుచుండగా, బరువును వెనుకకు జరిపి చూచిరి, ఊగులాట హెచ్చెను. అప్పుడు 70 పౌనుల ఇనుపకడ్డీలను ముందుభాగమున కట్టి కొంత నెమ్మది సాధించిరి.

తమ ఇంటి కొట్టములలో విమానములు కట్టుకొనువారు నేడును కలరు. 1953లో అమెరికాలో ఇట్టివారికై ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అను సంఘము స్థాపింపబడినది. వీరు తూకము వేయు విధానమును మన తరాజు లెక్కవలెనే గ్రహింపవచ్చును. విమానమును ఎగురునప్పటి తీరున సమముగా నిలిపి, తోకను బల్లపై కెత్తి, ఒక్కొక్క చక్రము క్రింద ఒక్కొక్క కాటా నుంచెదరు. ముక్కుకొన నుండి ప్రతి చక్రమునకు గల దూరమును కొలిచెదరు. బరువును దూరముచే గుణించి, వచ్చిన వానిని కూడి, మొత్తము బరువుచే భాగించినచో గురుత్వకేంద్రము తేలును.

ఒక ఉదాహరణము చెప్పెదను. ముందుచక్రములు రెండింటిపై 260 కిలోలు, దూరము 150 సెంటీమీటర్లు. తోకచక్రముపై 20 కిలోలు, దూరము 570. గుణించి కూడగా 50,400. మొత్తము 280 కిలోలచే భాగింపగా 180. అనగా కేంద్రము ముక్కునుండి 180 సెంటీమీటర్ల దూరమున నున్నది. ఇక 70 కిలోల మనిషి 220 సెంటీమీటర్ల వద్ద కూర్చుండెనా, అది 188కి జరుగును. తోకచక్రము దాపున మరి 5 కిలోలు చేర్చితిమా, 193 దాటును. దానిని మరల 188కి తెచ్చుటకు ముక్కునుండి 60 సెంటీమీటర్ల చోట దాదాపు 15 కిలోలు పెట్టవలసియుండును! తోకలో వేసిన ఒక్కొక్క కిలో ముందు మూడు కిలోలను కోరినదన్నమాట. అందుచేతనే తెలిసినవారు తోకకు పూయు రంగును సైతము పలుచగా పూసెదరు. ఇంధనపుతొట్టి కేంద్రమునకు ముందున్న విమానములో, ఇంధనము ఖర్చగుకొలది కేంద్రము వెనుకకు జరుగును. కావున తొట్టి నిండినప్పటి లెక్కయు, అడుగంటినప్పటి లెక్కయు వేరువేరుగా వేయవలెను.

ఈ పనిలో పెద్ద శత్రువు “ఇంతేకదా” యను మాట. పీటపై మెత్త, ఒక పనిముట్ల సంచి, ఒక పరికరము, ఇంతేకదా యనుచు చేర్చినవి కలిసి కిలోలకు కిలోలగును. ప్రతి వస్తువును అమర్చుటకు ముందే తూచి, బరువును, చోటును పుస్తకమున వ్రాయవలెను. కట్టుట పూర్తియైన పిమ్మట మరల తూచవలెను. తనిఖీయు, ప్రభుత్వానుమతియు లేక ఎగురరాదు. అంచనాతో బండికెత్తిన నా వలన రెండెడ్లకు ప్రాణాపాయము కలిగెను. అంచనాతో ఎగిరినచో పోవునది మనిషి ప్రాణము.

చివరగా ఒక్క మాట. 1899 మే 30వ తేదీన విల్బర్ రైటు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థకు ఒక జాబు వ్రాసెను. ఎగురుటను గూర్చి అచ్చయిన గ్రంథముల వివరములు పంపుడని ఆయన అందు కోరెను. ఆ సంస్థవారు కొన్ని చిన్న పుస్తకములను, చదువదగిన గ్రంథముల పట్టికను పంపిరి. ఆ సోదరులిద్దరిలో ఎవ్వరును కళాశాలలో చదివినవారు కారు. ముందు చదివిరి, పిమ్మట తూచి, కొలిచి, వ్రాసికొనిరి, అటుపిమ్మట ఎగిరిరి.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన యువకులకు ఆ మొదటి మెట్టును చూపుచున్నది. తక్కిన మెట్లు వారెక్కవలసినవి. వారికి నా ఆశీస్సులు.