ముందు బొంత కప్పండి, రాజీ మాట తరువాత



బొంతల గురించి చెప్పమని మమ్మల్ని పిలిచారు. గుమాస్తాగా పదవీ విరమణ చేసిన మాకు సూది పట్టడం రాదు, దరఖాస్తు రాయడం వచ్చు. కనుక కుట్టు సంగతి కొంత, కాగితాల సంగతి కొంత చెబుతాము.

మన నర్సీపట్నం చలి మీరెరిగినదే. పైన లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగే రోజుల్లో ఇక్కడా తెల్లవారుజామున వణుకు పుడుతుంది. అటువంటి ఒక డిసెంబరు రాత్రి ఒక సోదరి ఇద్దరు పిల్లలతో మా తలుపు తట్టింది. కట్టుబట్టలు తప్ప ఏమీ లేవు. ముఖం మీది వాపు చూసి కూడా మేము అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో చెప్పి వచ్చావా అమ్మా?" అని. మరునాడు పెద్దలను కూర్చోబెట్టాము. భర్త తల వంచుకున్నాడు, మామగారు హామీ ఇచ్చారు, ఆమెను తిరిగి పంపాము. పది రోజులకు చేయి విరిగి వచ్చింది.

సూరా నిసా 35వ ఆయత్ దంపతుల తగవులో అతని వైపు నుండి ఒకరిని, ఆమె వైపు నుండి ఒకరిని మధ్యవర్తులుగా నియమించమంటుంది. మేము కూర్చోబెట్టిన ఐదుగురిలో ఆమె వైపువారు ఒక్కరూ లేరు. ఆ సంగతి మాకు ఆమె చేతికి కట్టు వేయించేటప్పుడు గాని తోచలేదు.

బొంతల పని ఆ తరువాతే మొదలైంది. మొదలుపెట్టినది మా వీధి ఆడవారు. పాత నూలు చీరలు, లుంగీలు, దుపట్టాలు ఉతికి ఆరవేసి, చిరిగినవి లోపలికి, గట్టివి పైకి వచ్చేటట్లు పొరలుగా పరిచి, అంచుకొకరు చొప్పున కూర్చుని కుడతారు. మిషను మీద త్వరగా అయిపోతుంది కదా అని మేమే అన్నాము. ఎందుకు వద్దన్నారో వారం తిరిగేసరికి అర్థమైంది. చూపు సూది మీద ఉన్నప్పుడు ఎదుటివారి ముఖం చూడనక్కరలేదు, మాట దానంతట అదే వస్తుంది. ఏళ్ల తరబడి నోరు విప్పనివారు ఆ చాప మీద విప్పారు. కుట్టిన బొంతలు పెట్టెలో సిద్ధంగా ఉంటాయి. ఆశ్రయం కోరి వచ్చిన ప్రతి బిడ్డకు ఒకటి. వెళ్లేటప్పుడు అది ఆ బిడ్డదే.

ఇది కొత్త విద్య కాదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది స్త్రీలు, వారిలో ముస్లింలూ ఉన్నారు, పాత బట్టలతో 'కవండి' కుడతారు. అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుకుంటారు. హైదరాబాదు పాతబస్తీలో కవయిత్రి జమీలా నిషాత్ 2002లో నెలకొల్పిన షాహీన్ సంస్థ గృహహింసకు గురైన స్త్రీలకు అండగా నిలిచి, చేతిపనులూ నేర్పింది.

ఇక కాగితాలు. గృహహింస నుండి స్త్రీల రక్షణ చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉంది. అది అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. ఇల్లు ఆమె పేరున లేకపోయినా, భర్తతో కాపురమున్న ఇంట ఉండే హక్కును 17వ సెక్షను ఇస్తుంది. 181కి ఫోను చేయవచ్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా పాత చట్టంలోని 125వ సెక్షను కింద భరణం కోరవచ్చునని సుప్రీంకోర్టు 2024 జూలై 10న తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం మన పొరుగున తెలంగాణ నుండి వెళ్లినదే. టి.సి. ఆలస్యమైనదని బడిలో పిల్లలను చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టానికి విరుద్ధం. పిల్లల చదువు ఆగిపోతుందన్న భయంతోనే వెనక్కి వెళ్లే తల్లులున్నారు. ఆ దరఖాస్తు మేము రాసిపెడతాము.

రాజీకి మేము వ్యతిరేకులము కాము. ఆమె గాయం మానిన తరువాత, ఆమె కోరితే, ఆమె మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుదాము. ఆ రాత్రి మాత్రం ప్రశ్నలు వద్దు.

వచ్చే శుక్రవారం నమాజు తరువాత ఇంట వాడని నూలు చీరలుంటే ఉతికి తెండి. నైలాన్ వద్దు. సూది జారుతుంది, చలికీ ఆగదు.