క్రీడారంగం వెనుక కంప్యూటర్లు



క్రీడోత్సవంలో ప్రేక్షకులకు బంతి కనిపిస్తుంది. దాని వెనుకనున్న కంప్యూటర్ల అల్లిక కనిపించదు. 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో 32 జట్లు, 9 నగరాలలోని 10 క్రీడాంగణాలలో 64 ఆటలు ఆడాయి. ఎవరికి ఎక్కడ ప్రవేశం, ఏ స్వచ్ఛంద సేవకుడు ఎక్కడ నిలవాలి, ఏ వాహనం ఎవరిని చేర్చాలి అన్న వివరాలను నడిపిన వ్యవస్థను నిర్మించినది హైదరాబాదులో పుట్టిన సత్యం సంస్థ.

ఆ బాధ్యత 2007లో లభించింది. 2009 జనవరి 7న, సత్యమని పేరు పెట్టుకున్న ఆ సంస్థ లెక్కలలోని అసత్యం లోకానికి వెల్లడైంది. బెంగళూరు శాఖతో సహా అన్నిచోట్లా వేలాది ఉద్యోగుల కుటుంబాలు దిగులు చెందాయి. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దానిని స్వీకరించడానికి ముందుకు వచ్చింది. ఉద్యోగులు చేపట్టిన పనిని విడువలేదు. 2010 జూన్ 11న పోటీలు ఆరంభమైనాయి. నెల రోజులూ ఆ వ్యవస్థ సేవలందించింది.

ఒక యంత్రం ఆగితే దాని పని అందుకొనుటకు మరొక యంత్రాన్ని సిద్ధంగా ఉంచవచ్చును. విశ్వాసానికి అటువంటి ప్రత్యామ్నాయం లేదు. లెక్కలు నేర్పే ప్రతి తరగతిలోనూ, ఇంటిలోనూ, నిజాయితీని కూడా నేర్పవలసి ఉన్నది.