తాత చుట్ట, బావ సిగార్, మా బేనిషాన్ పండు

కొల్లాపూర్ నుంచి మాట్లాడుతున్న. నా వెనక కనబడుతున్నవి మా బేనిషాన్ చెట్లు. ఇవ్వాళ టాపిక్ మామిడి కాదు, సిగార్. కానీ చివరికి మామిడి కాడికే వస్తది, కొంచెం ఓపిక పట్టండి.

ముందే రెండు మాటలు. 18 ఏళ్ళ లోపు వాళ్ళకు పొగాకు అమ్ముడే నేరం మన దేశంలో. ఇంకోటి, నేను తాగిన సిగార్ కంపెనీ పేరు చెప్పను. ఇది ప్రకటన కాదు. నాకు ఎవరూ రూపాయి ఇయ్యలే, పైగా నాకే 14 వేలు పోయినయ్. అదెట్లనో చెప్త.

మే నెలలో మా బావ డాలస్ నుంచి వచ్చిండు. బ్యాగులో ఒక చెక్కపెట్టె, అందులో రెండు సిగార్లు. నికరాగువా దేశంలో ఎస్తెలి అని ఒక ఊరుంది, సిగార్లకు పేరుమోసిన ఊరు, అక్కడ చేత్తో చుట్టినవి. ఒక్కోటి మన లెక్కల 1800 రూపాయలు. తోటలో మంచమేసి కూసున్నం. మా తాత ఆ పెట్టె చూసి, "ఏందిరా ఇది, గింత లావున్నది చుట్ట?" అన్నడు.

బావ నవ్విండు. "తాతా, ఇది చుట్ట కాదు, సిగార్" అన్నడు. తాత ఏం మాట్లాడలే. ఒకటి తీసుకుని ముక్కు కింద అడ్డంగా పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరదాకా వాసన చూసిండు. వేళ్ళతో మెల్లగ నొక్కి ఎక్కడన్నా గట్టి ముడి ఉందా అని చూసిండు. మీరు ఏ సిగార్ వీడియో అయినా చూడండి, సూటు వేసుకున్న పెద్దమనిషి మొదట చేసేది ఇదే. మా తాతకు అది ఎవరు నేర్పిండ్రు? అరవై ఏళ్ళ చుట్ట నేర్పింది.

ఇంగ్లీషోళ్ళు నాటు సిగార్‌ను 'చెరూట్' అంటరు కదా, ఆ మాట తమిళం, మలయాళం వైపు నుంచి పోయిందే. 'చుట్టుడు' అనే అర్థం. మన 'చుట్ట' కూడా చుట్టుడు నుంచే వచ్చింది. షెర్లాక్ హోమ్స్ పేరు విన్నరు కదా? 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో ఆయన బూడిద చూసి ఏ పొగాకో చెప్పగలనంటడు. అక్కడ 'లుంకా' అని ఒక ఇండియా చుట్ట పేరొస్తది. ఆ లుంకా ఏందో తెలుసా? మన గోదావరి లంకలు! లంక పొగాకు చుట్ట లండన్ డిటెక్టివ్ కథలోకి ఎక్కింది. ఇక కన్యాశుల్కం గిరీశం సంగతి మీకు తెలిసిందే, చేతిలో చుట్ట లేకుంటే ఆయన గిరీశమే కాదు.

అసలు సిగార్ లోపల ఏముంటదో చూద్దాం. మూడు భాగాలు. లోపల నింపే ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైన అందంగా చుట్టే పల్చటి ఆకు. లోపలి ఆకులో మళ్ళీ రకాలు ఉంటయ్. చెట్టుకు కిందున్న ఆకు తేలిగ్గ ఉంటది, బాగా మండుతది. మధ్యది వాసనకు. పైన ఎండ ఎక్కువ తిన్న ఆకు ఘాటు, దాన్ని 'లిహేరో' అంటరు. అది మెల్లగ మండుతది కాబట్టి సరిగ్గ నడిమధ్యల పెడతరు. చుట్టే ముందు ఈ ఆకును కుప్పలేసి మాగపెడతరు. కుప్ప లోపల వేడి పుడతది, ఆ వేడికి అమోనియా కంపు పోతది. అది సరిగ్గ పోకపోతే మీకు పీల్చంగనే ముక్కులో గుచ్చుకుంటది. ఒక రకంగ మనం మామిడి మాగపెట్టినట్టే, కాకపోతే నెలలు, ఏళ్ళు పడతది.

మా తాత చుట్టకు ఇన్ని పొరలు లేవు. నాటు పొగాకు కట్ట తెచ్చుకునేటోడు, ఈనె తీసేటోడు, కొంచెం నీళ్ళు చల్లి మెత్తగైనంక తొడ మీద పెట్టి చుట్టేటోడు. కొన్నిసార్లు బెల్లం నీళ్ళు చల్లేటోడు. మిగిలిన ఆకు తడిగుడ్డలో చుట్టి కుండలో పెట్టేటోడు. బావ దగ్గర 'హ్యుమిడార్' పెట్టె ఉందట, గాలిలో తేమ 65 నుంచి 70 శాతం ఉండేటట్టు చూసుకుంటదట. తాత కుండ కూడా అదే పని చేసింది, మీటరు ఒక్కటే లేదు.

క్యూబా సిగార్ ఫ్యాక్టరీల గురించి ఒక ముచ్చట నాకు చాలా ఇష్టం. అక్కడ చుట్టేవాళ్ళు వరుసగా కూసుని చుడుతుంటే, ఎత్తు మీద ఒకాయన కూసుని పొద్దున పేపర్, తర్వాత నవల చదివి వినిపిస్తడు. 1865 నుంచి ఉన్న అలవాటు. మన నిజామాబాద్, జగిత్యాల దిక్కు బీడీలు చుట్టే అక్కలను చూడండి. చెవిలో సీరియల్, చేతిలో కత్తెర, ఒళ్ళో చాట. వాళ్ళు చుట్టే తునికాకు మా నల్లమలలో కూడా దొరుకుతది, ఎండాకాలం కోస్తరు. 1800 సిగార్‌ది చేతిపనే, బీడీది చేతిపనే. ఒకదాన్ని కళ అంటరు, ఇంకోదానికి వెయ్యికింత అని కూలి కడతరు. ఇది నాకు మింగుడుపడదు.

సరే, కాల్చే పద్ధతి. మూతి దిక్కు గుండ్రటి టోపీ లెక్క ఉంటది, దాన్ని కొంచమే కొయ్యాలె. ఎక్కువ కోస్తే పై ఆకు ఊడొస్తది. అంటించక ముందే ఒకసారి గాలి పీల్చి చూస్తరు. నాకు ఎండుగడ్డి, ఎండుద్రాక్ష వాసన తగిలింది. పెట్రోల్ లైటర్ వద్దు, ఆ కంపు పొగలోకి వస్తది. అగ్గిపుల్ల అయితే గంధకం మండిపోయేదాకా ఆగాలె. మంటను తాకించకుండా, కొంచెం దూరం పెట్టి తిప్పుకుంట అంచు అంతా ఎర్రగయ్యేదాకా కాగపెట్టాలె. పొగ మింగొద్దు. నోట్లోనే తిప్పి వదలాలె. నిమిషానికి ఒక దమ్ము, అంతే. తొందరపడితే లోపల వేడెక్కి చేదైతది.

నేను తొందరపడ్డ. పది నిమిషాల్లో చెమటలు, కళ్ళు తిరుగుడు. తాత లోపలికి పోయి బెల్లంముక్క తెచ్చి చేతిలో పెట్టిండు. "మెల్లగ లాగు. రైలు పోతలేదు" అన్నడు.

ఇప్పుడు రుచి. మొదటి భాగంలో మిరియం ఘాటు, వేయించిన పల్లీల పొట్టు వాసన. మధ్యకు వచ్చేసరికి మారింది. కాఫీ గింజ, కొత్త తోలు చెప్పు వాసన, ఇంకా... తొలకరి పడంగనే దుక్కిలోంచి వస్తది చూడండి, ఆ మట్టి వాసన. ఇంగ్లీషులో వీటికి పెద్ద పెద్ద చార్టులు ఉన్నయ్, దేవదారు అని, కోకో అని. నేను దేవదారు చెట్టు ఎన్నడూ చూడలే. నాకు తెలిసిన వాసనలతోనే నేను చెప్త. చివరి భాగం ఘాటుగ, వేడిగ ఉంటది, అక్కడ ఆపేయొచ్చు. నలిపి ఆర్పొద్దు, పక్కన పెడితే అదే ఆరిపోతది.

దీనికి జోడీ ఏంది? బయట అయితే రమ్, విస్కీ, కాఫీ, డార్క్ చాక్లెట్ అంటరు. మా దగ్గర మంచం మీద ఉన్నవి పల్లిపట్టి, సులేమాని చాయ్, పాల చాయ్, ఈతకల్లు, మామిడిపండు. అన్నీ చూసినం.

పల్లిపట్టి ఫస్ట్. ఇందులో డౌటే లేదు. మా పాలమూరు పల్లీ, బెల్లం. పొగలో ఉన్న వేయించిన వాసన, పట్టిలో ఉన్న వేయించిన వాసన ఒకదాన్నొకటి పట్టుకున్నయ్. బెల్లం చేదును మింగేసింది. సులేమాని చాయ్ కూడా బాగుంది, నాలుకను కడిగినట్టు చేస్తది, మళ్ళీ దమ్ము కొత్తగ అనిపిస్తది. పాల చాయ్ వద్దు, మీగడ నాలుకకు పట్టి రుచి మొద్దుబారుతది. కల్లు పులుపు, ఆ పొగ ఘాటు, రెండూ కొట్లాడినయ్.

ఇక మామిడి. నేను చాలా ఆశపడ్డ. కొల్లాపూర్ బేనిషాన్‌తో సిగార్ అంటే వీడియోకు ఎంత బాగుంటది! చెట్టుకే సగం మాగి, గడ్డిలో పూర్తయిన పండు. కోసిన. ఒక ముక్క నోట్లో పెట్టుకున్న. ఏం లేదు. తీపి ఉంది, అంతే. చక్కెర నీళ్ళ తీపి. వాసన లేదు. మామిడి రుచిలో ఎక్కువ భాగం వాసనే, ఆ వాసన ముక్కు వెనక నుంచి తెలవాలె. అక్కడంతా పొగ కూసుంది. పైగా ఆఖర్న ఇనుము నాకినట్టు ఒక రుచి. బావ కూడా మొహం అట్లనే పెట్టిండు. పండు పక్కన పెట్టినం.

అక్కడితో అయిపోతే ఇది తమాషా వీడియో.

మా ఇంట్లో పండు రుచి చూసే పని ఒక్కరిదే. హైదరాబాద్‌కు బాక్సులు పంపుతం, పంపే ముందు ప్రతి క్రేటు నుంచి ఒకటి కోసి తిని చూడాలె. పక్వానికి రాకముందే తెంపిన కాయ పైకి పసుపుగనే మాగుతది, లోపల పులుపు, చప్పదనం ఉంటది. కన్ను మోసపోతది, నాలుక పోదు. ఇరవై ఏళ్ళ కింద ఆ పని తాతది. తర్వాత నాన్నకు వచ్చింది, ఇప్పుడు నాది. తాత ఎందుకు మానిండో చిన్నప్పుడు నాకు తెలియదు. పెద్దోడైండు కాబట్టి అనుకున్న. కాదు. "వాసన తెలుస్తలేదు" అని ఆయనే చెప్పిండట.

ఆ తర్వాత కొన్నేళ్ళకు బుగ్గ లోపల తెల్లమచ్చ వచ్చింది. హైదరాబాద్ తీసుకపోయినం, ముక్క తీసి పరీక్ష చేసిండ్రు. క్యాన్సర్ ఇంకా కాలేదు, కానీ అయ్యే దారిలో ఉంది అన్నరు. ఆ రోజు నుంచి చుట్ట ముట్టలే.

ఇక్కడ ఒకటి గట్టిగ చెప్పాలె, ఎందుకంటే బావ కూడా అదే అన్నడు, మీరు కూడా వినే ఉంటరు: "సిగార్ పొగ మింగం కదా, ఏం కాదు" అని. మా తాత కూడా చుట్ట పొగ ఎన్నడూ మింగలే. సిగరెట్ పొగలో ఆమ్లం ఎక్కువ, అందుకే నికోటిన్ ఎక్కాలంటే ఊపిరితిత్తుల్లోకి పోవాలె. సిగార్, చుట్ట పొగ క్షార గుణం, నోటి చర్మం నుంచే నికోటిన్ ఎక్కుతది. నాకు చెమటలు పట్టింది అందుకే. ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ ప్యాకెట్ అంత పొగాకు ఉండొచ్చు. పొగ తగిలేది నోటికి, నాలుకకు, గొంతుకు, క్యాన్సర్ వచ్చేదీ అక్కడే. శ్రీకాకుళం దిక్కు ఆడోళ్ళు మండే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతరు. 1971లో అచ్చైన ఒక పరిశోధనలో అక్కడి పల్లెల్లో 10 వేల మందికి పైగా నోళ్ళు పరీక్ష చేసిండ్రు, అంగిట్లో ఏమేం మచ్చలు, పుండ్లు ఉన్నయో చూడడానికి. వాళ్ళు కూడా నోట్లోనే కదా పెట్టుకున్నది.

తెల్లారి నేను మామూలుగనే క్రేట్లు చూసిన. పొద్దున ఆరు గంటలు, పళ్ళు తోముకున్న, చాయ్ తాగిన, అంతా బాగనే ఉన్నట్టు అనిపించింది. ఒక లాట్ తిని 'ఓకే' అన్న. బస్ పార్సిల్‌లో పోయినయ్. మూడో రోజు నుంచి ఫోన్లు. "అన్నా, ఈసారి పండు పుల్లగుంది." "ఇది మీ తోట పండేనా?" 20 బాక్సులు, బాక్సుకు 700. మొత్తం 14 వేలు వాపస్ ఇచ్చిన. పైసల కంటే ఆ రెండో మాట ఎక్కువ గుచ్చుకుంది. అది పక్కూరి తోట నుంచి కొన్న లాట్, తొందరగ తెంపిండ్రు. తప్పు తెంపినోళ్ళది కొంత, ఓకే అన్న నాలుకది మొత్తం.

ఆ లాట్‌లో ఇంట్లో రెండు పండ్లు మిగిలినయ్. తాత ఒకటి కోసి ముక్క నోట్లో పెట్టుకున్నడు. చుట్ట మానినంక ఆయనకు వాసన మెల్లమెల్లగ తిరిగొచ్చింది, మొత్తం కాదు గానీ చాలావరకు. నమిలి ఉమ్మేసిండు.

"పులుపురా. పదిరోజులు ముందు తెంపిండ్రు." నా దిక్కు చూసి, "మొన్నటి చుట్ట ఇంకా నోట్లనే ఉన్నదా?" అన్నడు.

బావ వాపస్ పోయేటప్పుడు రెండో సిగార్ మాకే ఇచ్చిపోయిండు. మొన్న అటక మీద వెతుకుతుంటే కనబడ్డది. తాత దాన్ని తడిగుడ్డలో చుట్టి పాత కుండలో పెట్టి మూత వేసిండు. తాగడానికా తాతా అని అడిగిన.

"తాగేదేంది? మంచి ఆకురా అది. ఎండితే పగుల్తది."

ఇప్పుడు క్రేట్లు చూసే పని మళ్ళీ తాతది. నేను పక్కన కూసుంటున్న. సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో చెట్టు మీదనే పక్వానికి వచ్చిన కాయను ఎట్ల గుర్తుపట్టాలో తాతతోనే చెప్పిస్త.