ఓటు తూకము, విరాళము తూకము



జుగ్సలాయి బజారులో మూటలు మోయు కూలికిని, పట్టాల కావల ఉక్కు కర్మాగారమును నడపు అధికారికిని ఓటు ఒక్కటే. పెట్టెలో పడిన పిదప రెంటి తూకమును ఒక్కటే. పోలింగునకు ముందు పార్టీల నిధిలో పడు ధనమునకు మాత్రము ఆ సమత్వము లేదు.

ఈ చిక్కు 1957లో బొంబాయి హైకోర్టు ముందు నిలిచినది జంషెడ్‌పూరు కంపెనీ మూలముననే. రాజకీయ పక్షములకు విరాళము లిచ్చుటకు వీలుగా టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ తన నిబంధనావళిని సవరింపగోరినది. ప్రభుత్వ విధానములపై పరిశ్రమ మనుగడ ఆధారపడి యున్నదని దాని వాదము. ఒక వాటాదారు అడ్డుపడెను. ప్రధాన న్యాయమూర్తి చాగ్లా చట్టము అడ్డురానందున అనుమతించెను గాని, ఈ ధనప్రవాహము పెరిగిన ప్రజాస్వామ్యము గొంతు నులుముననియు, పార్లమెంటు యోచింపవలెననియు హెచ్చరించెను. తీర్పుకంటె ఆ హెచ్చరికయే ఎక్కువకాలము బ్రతికినది.

పార్లమెంటు 1960లో పరిమితి విధించినది. 1969లో పూర్తిగా నిషేధించినది. నిషేధకాలమున ధనము ఆగలేదు, చాటుదారి పట్టినదని లోకమెరుగును. 1985లో మరల అనుమతి వచ్చినది. 2013 చట్టము మూడేండ్ల సగటు లాభములో 7.5 శాతము హద్దు పెట్టినది. 2017లో ఆ హద్దును తొలగించిరి. ఏ పార్టీకి ఇచ్చినదియు లెక్కలలో చూపనక్కరలేదనిరి. 2018లో బాండ్లు వచ్చినవి. నష్టములలో నున్న కంపెనీయు కోట్లు ఇయ్యవచ్చు నాయెను!

ఇక కేంద్రోద్యోగి మాట. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారము అతడు ఓటు వేయవచ్చును. రాజకీయ కార్యములకు చందా ఇయ్యరాదు. తన ఉద్యోగ విషయమున పై అధికారిపై రాజకీయపు పలుకుబడి ప్రయోగింపరాదు. గుమాస్తా సిఫారసు నేరమైనచోట, కంపెనీ సంచి గౌరవమైనది.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ధర్మాసనము, ఐదుగురును ఏకాభిప్రాయముతో, బాండ్లను, హద్దులేని విరాళములను కొట్టివేసినది. విరాళమిచ్చినవానికి పాలకుల వాకిలి తెరచుకొనును, వాకిలి దాటిన మాట విధానమగును, అందుచే రాజకీయ సమానత్వము చెడునని కారణము చెప్పినది. చాగ్లా హెచ్చరికయు ఆ సందర్భమున మరల స్మరణకు వచ్చినది.

ట్రస్టుల ద్వారా ఇచ్చు మార్గము ఇంకను కలదు. అయినను 7.5 శాతపు హద్దు తిరిగి వచ్చినది. పది వాటాలు గల జుగ్సలాయి పింఛనుదారుడు సైతము కంపెనీ వార్షిక లెక్కలు విప్పి, ఏ పార్టీకి ఎంత పోయినదో అడుగవచ్చును.