ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం?

 

మా బ్యాచ్‌లో ఎవరిని కదిపినా పిల్లలు అమెరికాలోనే ఉన్నారంటారు. మా అమ్మాయి ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కోలో. "ఎంత దూరం బాబూ?" అని ఊళ్లో పెద్దవాళ్లు అడుగుతుంటారు. ఇంజనీరుని కదా, లెక్కగా చెబుతాను.

మన తరగతి గోడమీది పటం చూస్తే, విమానం నేరుగా పడమరకు పోవాలనిపిస్తుంది. గ్లోబు మీద ఢిల్లీ దగ్గర ఒక కొస, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర మరో కొస ఉంచి దారం బిగించండి. అది ఉత్తరానికి తిరిగి సైబీరియా, ఆర్కిటిక్ అంచు, అలాస్కా మీదుగా పోతుంది. భూమి మీద ఒక డిగ్రీకి 111 కి.మీ. ఈ రెండు ఊళ్ల మధ్య కోణం సుమారు 111 డిగ్రీలు. గుణిస్తే 12,300 కి.మీ. పైచిలుకు. గంటకు 900 కి.మీ. వేగంతో పద్నాలుగు గంటల లోపే.

కానీ విమానం దారం వెంట పోదు. ఆ గీత టిబెట్ పీఠభూమి మీదుగా వెళ్తుంది. లోపల గాలి ఒత్తిడి పడిపోతే విమానం 10,000 అడుగులకు దిగాలి. అక్కడ నేలే అంతకన్నా ఎత్తు. రెండోది గాలి. 2015లో ఎయిరిండియా ఈ సర్వీసును అట్లాంటిక్ మీదుగా ప్రారంభించింది. సుమారు 13,900 కి.మీ. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా మళ్లించింది, 15,300 కి.మీ. దూరం పెరిగింది, సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. కారణం, పైన పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్. అట్లాంటిక్ దారిలో అది ఎదురుగాలి, పసిఫిక్ దారిలో వెన్నుగాలి. భూమి తిరగడం వల్ల కాదు. భూమితో పాటు గాలీ తిరుగుతుంది.

చలికాలంలో ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరితే, పద్నాలుగున్నర గంటల తర్వాత అక్కడ దిగేసరికి అదే రోజు ఉదయం 5. గడియారం ప్రకారం గంట ప్రయాణం!

ఇదంతా విమానం లెక్క. మనిషి లెక్క వేరు. మా నాన్నగారు పోయినప్పుడు కబురు అందిన క్షణం నుంచి మా అమ్మాయి ఇంటి గడప తొక్కేదాకా 38 గంటలు పట్టింది. అందులో సముద్రాలు దాటించిన విమానంలో గడిచినవి పదహారు. మిగతావి టికెట్టుకు, తనిఖీలకు, ఢిల్లీలో విమానం మారడానికి, శంషాబాద్ నుంచి రోడ్డుకు. తాతగారి ఆఖరిచూపు దానికి దక్కలేదు. గాలిలో గంటలు మన చేతిలో లేవు. పాస్‌పోర్టు, వీసా గడువులు చూసుకోవడం, పెద్దవాళ్లు తిరుగుతుండగానే ఒకసారి వచ్చి వెళ్లమని పిల్లలకు చెప్పడం మన చేతిలో ఉన్నాయి.

చివరిగా ఒక మనవి. ఈ స్వర్ణోత్సవ గుర్తుగా బడిలో ప్రతి తరగతికీ ఒక గ్లోబు, ఒక దారపు ఉండ ఇద్దాం. మొదటి గ్లోబు నాది. సెలవు.