నేల రోగము కనిపెట్టిన రైతు
(ప్రసంగ పాఠము)



నేల సారము ఉడిగినప్పుడు రైతు ముందు రెండు దారులుండును. ఒకటి, ఆ నేలను విడిచిపోవుట; రెండవది, దాని రోగమేమో తెలిసికొనుట. అమెరికా దేశపు వర్జీనియా రాష్ట్రమున రెండవ దారి పట్టిన ఎడ్మండ్ రఫిన్ అను రైతును గూర్చి నేడు మీకు చెప్పదలచితిని.

రఫిన్ 1794 జనవరి 5వ తేదీన జన్మించెను. ఇరువది యేండ్లు నిండకమునుపే జేమ్సు నది యొడ్డున తన పూర్వుల భూమిని సాగుచేయ మొదలిడెను. తరతరములుగా పొగాకు, మొక్కజొన్న వేసినందున ఆ ప్రాంతపు నేలలు నిస్సారములై యుండెను. అనేకులు పడమటికి వలసపోవుచుండిరి. పెంటయెరువు వేసినను పంట నిలువకపోగా, రఫిన్ కూడ పొలమమ్మి వెడలిపోవ తలచెను.

అప్పుడు హంఫ్రీ డేవీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుని వ్యవసాయ రసాయన గ్రంథము అతని చేతబడెను. నేలలోని పులుపును సున్నము విరుచునని అందు చదివి, తన నేల రోగమిదియేయని యూహించెను. మందు అతని పొలము క్రిందనే యుండెను: ప్రాచీన సముద్రపు గుల్లలతో నిండిన సున్నపు మట్టి. 1818లో కొలదిపాటి నేలలో దానిని చల్లించి మొక్కజొన్న వేయించెను. పోల్చి చూచుటకై ప్రక్క నేలను అట్లే విడిచెను. మట్టి చల్లినచోట పంట నూటికి సుమారు నలుబది వంతులు హెచ్చెను.

అతడీ సంగతి దాచుకొనలేదు. ఆ యేడే స్థానిక రైతు సంఘమున వినిపించెను. 1823 నుండి 1826 వరకు రాష్ట్ర సెనేటు సభ్యుడుగా నుండెను గాని, అచటి రాజకీయము అతనికి రుచింపలేదు. 1832లో గ్రంథము ప్రకటించెను; 1833 నుండి 1842 వరకు రైతులకై ఒక పత్రిక నడిపెను. సున్నపు మట్టి పులుపును విరిచిన పిమ్మటనే పెంటయెరువు పనిచేయునని బోధించెను.

ఇచట ముగించినచో సగము సత్యమే చెప్పినవాడనగుదును. ఆ మట్టిని త్రవ్వినవారు, మోసినవారు, చల్లినవారు నల్లజాతి బానిసలు. వారికి కూలి లేదు. విడిచిపోవు హక్కు లేదు. నేలను పరీక్షించిన రఫిన్ బానిసత్వమును మాత్రము సమర్థించుచు పుస్తకములు వ్రాసెను. 1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోటపై తొలి ఫిరంగులు ప్రేల్చినవారిలో అతడొకడు. ఆ యంతర్యుద్ధమున దక్షిణ రాష్ట్రములు ఓడిపోగా, 1865 జూన్‌లో ఆత్మహత్య చేసికొనెను. ఆ డిసెంబరులోనే రాజ్యాంగ సవరణచే బానిసత్వము రద్దయ్యెను.

సోదరులారా, ఈ చరిత్రనుండి రెండు మాటలు గ్రహింపుడు. అన్ని నేలలును పుల్లనివి కావు. పరీక్షింపక సున్నము వేసినచో నష్టము కలుగును. ముందు మట్టిని పరీక్ష చేయించి, చిన్న చెక్కలో వేసి చూచి, ప్రక్క చెక్కతో పోల్చుడు. ఇక రెండవది: ఊరి పంట ఎంత పెరిగినదని లెక్క వేయునప్పుడు, పండించిన చేతులకేమి ముట్టినదని కూడ అడుగుడు. ఆ ప్రశ్న రఫిన్ అడుగలేదు. మీరు అడుగవలెను.